ఉప్పుగాలి – మా చిన్నాన్న కారు

కారు గొప్పవాళ్ల వాహనమనీ, దాని బాధలు మనబోటివాళ్లకెందుకనీ పాఠకులు అనుకోవచ్చు. ఒకప్పుడు ఆ మాట నిజమే. బారువలోకి ఏడాదికి ఒకటో రెండో కార్లు వచ్చేవట. వస్తే పిల్లలంతా దాని వెనక దుమ్ములో పరిగెత్తేవారట. ఇది మా తాత చెప్పిన ముచ్చట. ఆ రోజుల్లో కారంటే అంబాసిడరే. 1950ల చివర బెంగాలులోని ఉత్తరపారాలో పుట్టిన ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది. ఈలోగా 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. అక్కడినుంచి కారు మెల్లిగా మేడలు దిగి మాస్టార్ల ఇళ్లకీ, దుకాణదారుల ఇళ్లకీ చేరింది. ఇప్పుడు కాస్త కొబ్బరితోట, కాస్త జీడితోట ఉన్న మా చిన్నాన్నలాంటి రైతు కూడా, ముగ్గురి చేతులు మారిన కారును నాలుగో యజమానిగా కొనగలుగుతున్నాడు. అది ఏ కంపెనీ కారో ఇక్కడ అనవసరం. నాలుగో యజమాని దగ్గరికి వచ్చేసరికి అన్ని కంపెనీల కార్లూ ఒకేలా మూలుగుతాయి.

ఆ కారు మా వీధిలో పెళ్లిళ్లకు తిరిగింది తక్కువ, ఆసుపత్రికి తిరిగింది ఎక్కువ. ఉద్దానం సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మా ప్రాంతపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో పెద్ద కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ తెరిచారు. దానికి ముందునుంచే ఈ చుట్టుపక్కల డయాలిసిస్ కేంద్రాలున్నాయి. అయితే ఆసుపత్రి ఎంత దగ్గరికి వచ్చినా, వారానికి రెండు మూడు సార్లు మనిషి అక్కడికి చేరుకోవాలి కదా. ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు మిషను మీద ఉండాలి. ఒక వంతు తప్పితే ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. కాబట్టి మాకు కారు సెల్ఫు అందుకోకపోవడం విసుగు పుట్టించే చిన్న విషయం కాదు.

గత సంవత్సరం ఒకనాడు జరిగింది చెబుతాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు మా వీధి చివర పెద్దమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాం. చిన్నాన్న తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్. లైట్లు చూస్తే బాగానే వెలుగుతున్నాయి, హారన్ నొక్కితే వీధంతా లేచేలా మోగుతోంది, బండి మాత్రం లేవదు.

“ఏటిరా బాబూ, బండి లేవదేటి?” అంది పెద్దమ్మ.

“లేత్తాది పెద్దమ్మా, నువ్వు కంగారు పడకు,” అన్నాడు చిన్నాన్న. ఆయన చేతులు వణకడం నేను చూశాను.

తోద్దామంటే మాది ఇసుక సందు, చక్రం కదల్లేదు. చివరికి సోంపేట నుంచి ఆటో వచ్చేసరికి ఆరున్నర. ఆ పూట వంతు దాటిపోయి, మళ్లీ సాయంత్రానికి గాని మిషను ఖాళీ కాలేదు. పెద్దమ్మ ఆ పగలంతా బల్ల మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మధ్యాహ్నం షెడ్డు మేస్త్రి వచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ టెర్మినల్‌కు బిగించిన క్లాంపు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు. తాళం తిప్పగానే బండి లేచింది. పట్టుమని మూడు నిమిషాల పని!

ఫిజిక్సు చదువుతున్న నాకు ఆ రోజు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. ఓమ్ నియమం మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసినవాణ్ని, హారన్ మోగుతున్న బండి ఎందుకు లేవదో చెప్పలేకపోయాను. అది ఇప్పుడు చెబుతాను.

చిన్న కారులోనైనా ఇంజనును తిప్పడానికి స్టార్టరు మోటారు నూరు ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. హారన్‌కు ఏ నాలుగైదో చాలు. టెర్మినల్‌కూ క్లాంపుకూ మధ్య పొడి పేరుకుని 0.05 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. చెప్పుకోడానికి అది చాలా స్వల్పం. హారన్ 5 ఆంపియర్లు తీసుకుంటే అక్కడ పోయేది 5ను 0.05తో హెచ్చిస్తే వచ్చే పావు వోల్టు. హారన్‌కు ఆ లోటు తెలియనే తెలియదు. అదే స్టార్టరు 100 ఆంపియర్లు లాగబోతే అక్కడ 5 వోల్టులు పోతాయి. పన్నెండులో అయిదు పోగా మిగిలిన ఏడుతో మోటారు తిరగదు, టక్కుమని ఊరుకుంటుంది. కాబట్టి లైట్లు వెలుగుతున్నాయి గనుక బ్యాటరీ వైపు తప్పు లేదనుకోవడం పొరపాటు. నిజానికి ఆ తెల్లవారుజామున క్లాంపును చేత్తో గట్టిగా అటూ ఇటూ మెలితిప్పినా బండి లేచి ఉండేదేమో!

ఆ పొడి ఎక్కడిదంటే, బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరే దానికి మూలం. టెర్మినల్ సీసం మీద తెల్లగా సీసపు సల్ఫేటుగానూ, రాగి తీగ తగిలిన చోట నీలంగా మైలుతుత్తంగానూ అది పేరుకుంటుంది. ఉప్పుగాలి దానికి తోడవుతుంది. తినే సోడా కలిపిన వేడినీళ్లు పోసి కడిగితే పొడి పొంగి కరిగిపోతుంది. తడి ఆరాక బిగించి, పైన గ్రీజుగాని వాసెలిన్‌గాని పూస్తే కొన్ని నెలలు బెంగ ఉండదు. విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. కారు ఒళ్లంతా మైనస్‌కే కలిపి ఉంటుంది గనుక, ముందు ప్లస్ విప్పబోతే స్పానర్ ఒళ్లుకు తగిలి నిప్పులు రాలతాయి. ఇంకొక మాట. చార్జి అయ్యే బ్యాటరీనుంచి హైడ్రోజన్ వస్తుంది. చీకట్లో దాని మీదకు వంగి అగ్గిపుల్ల గీయడం మా చిన్నాన్నకు అలవాటు. ఇన్నాళ్లూ ఏమీ కాకపోవడం ఆయన అదృష్టం. బ్యాటరీ గదుల్లో నూతినీళ్లు పోయడం ఆయనకున్న మరో అలవాటు. మా నూతినీళ్లలో ఉప్పుంది, ఆ ఉప్పులోని క్లోరైడు సీసపు పలకల్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ సీసా ఖరీదు కొత్త బ్యాటరీ ఖరీదుతో పోలిస్తే ఏపాటి?

ఇక అసలు శత్రువు తుప్పు దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో తుప్పు గురించి అందరికీ ఉన్న అభిప్రాయం తలకిందులు.

మా కెమిస్ట్రీ లాబులో ఒక ప్రయోగం చేశాం. కేంబ్రిడ్జిలో ఇవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో చేసి చూపినది. శుభ్రంగా రుద్దిన ఇనుపరేకు మీద ఒక్క చుక్క ఉప్పునీరు వేయాలి. అందులో రెండు రకాల రంగుమందులు కలుపుతారు. ఇనుము కరిగేచోట ఒకటి నీలంగానూ, ఆక్సిజన్ నీటితో కలిసి క్షారం పుట్టేచోట ఇంకొకటి గులాబీగానూ మారతాయి. మేమంతా గాలి బాగా తగిలే చుక్క అంచున ఇనుము కరుగుతుందని అనుకున్నాం. తీరా చూస్తే అంచు గులాబీ అయింది, నడిమధ్య నీలమైంది. అంటే ఆక్సిజన్ అందని చోట ఇనుము కరుగుతుంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు పోయి ఆక్సిజన్‌ను చేరుకుంటాయి. ఈ రెండింటి నడుమ ఎర్రటి తుప్పు వలయంలా కడుతుంది. చుక్కంత చోట ఒక చిన్న బ్యాటరీ పనిచేస్తోందన్న మాట. ఉప్పు ఆ నీటిలో కరెంటు సులువుగా పారేలా చేస్తుంది.

దీన్ని కారుకు అన్వయించండి. గాలీ వెలుతురూ తగిలే పైరేకు కన్నా, బురద అట్టకట్టిన మడ్‌గార్డు లోపల, తలుపు అడుగు మడతలో, కాలికింది మేటు కింద, అంటే గాలి సరిగా అందని తడి చోట్ల ఇనుము ఎక్కువ కరుగుతుంది. మనకు పైన పెయింటు బుడగ కనిపించేసరికే లోపల పని చాలావరకు పూర్తయి ఉంటుంది. చిన్నాన్న కారులో మేటు ఎత్తి చూస్తే కింద రోడ్డు కనిపించింది.

వాన పడకపోయినా తడి ఎక్కడిదని అడగవచ్చు. అలలు విరిగినప్పుడు లేచే నురగబుడగలు పగిలి, కంటికానని ఉప్పుతుంపర గాలిలో కలుస్తుంది. మహేంద్రతనయ సముద్రంలో కలిసే మా ఊళ్లో ఆ గాలికి అడ్డేముంది? గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు దానంతటదే నీరు పీల్చి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమరుస్తుంది. తెల్లారి కారు మీద చెయ్యి పెడితే జిగటగా తగిలేది ఇదే. ఒడ్డునుంచి లోపలికి పోయేకొద్దీ ఈ బాధ తొందరగా తగ్గిపోతుంది. అందుకే అదే వయసు కారు పలాసలో ఒకలాగా, బారువలో ఒకలాగా ఉంటుంది. కొనేవాళ్లు బండి ఏ ఏడాదిదని అడుగుతారేగాని ఏ ఊళ్లో పెరిగిందని అడగరు!

చిన్నాన్న తన కారును ఎంతో ప్రేమగా రాత్రిపూట టార్పాలిన్ బరకం కప్పి, తాడుతో కట్టేవాడు. లోపల ఉప్పు, తేమ, గాలాడకపోవడం. ఇవాన్స్ చుక్కలో నడిమధ్య ఎలా ఉంటుందో కారంతా అలాగే ఉండేది. ఈ సంగతి చెబితే మొదట నన్ను కసిరాడు. “సదువుకున్నోలు సెప్పినట్టు సేత్తే కారు ఎండకి ఎండి, వానకి తడిసి పోద్ది” అన్నాడు. చివరకు నాలుగు సరుగుడు గుంజలు పాతి, పైన కొబ్బరాకు కప్పి, నాలుగువైపులా వదిలేశాం. గాలాడుతుంది, నీడా ఉంటుంది. కాయలు పడతాయనే భయంతో షెడ్డును చెట్టుకు దూరంగా వేశాం. వారానికోసారి మంచినీటితో కిందివైపు కడుగుతున్నాం. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి సన్నటి కంతలుంటాయి. అవి మట్టితో పూడితే తలుపులో నీరు నిలుస్తుంది. వాటిని పొడవడానికి కొబ్బరి ఈనెను మించిన పనిముట్టు లేదు.

బయటినుంచి వచ్చే కార్లది వేరే కథ. ఆదివారాలూ, కార్తీకమాసపు పిక్నిక్కులప్పుడూ కొందరు ఉత్సాహంగా కారును నీటి అంచువరకు తోలుకొస్తారు. ఇసుకలో దిగబడగానే ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతారు, చక్రం గొయ్యి తవ్వుకుని ఇరుసు దాకా దిగుతుంది. మా మత్స్యకారులు పాపం వలలు వదిలేసి వచ్చి లాగాలి. దీని లెక్క సులభం. 900 కిలోల కారుకు ఒక్కో చక్రం మీద 225 కిలోలు. టైరులో గాలి 30 పౌన్లుంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి. కాబట్టి నేలకు తగిలే మేర దాదాపు 107 చదరపు సెంటీమీటర్లు. గాలి సగానికి తీసేస్తే ఆ మేర సుమారు రెట్టింపై, టైరు ఇసుక మీద తేలినట్టు పోతుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి కొట్టించాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది.

కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచిన వరిగడ్డి ఇరుసులకు చుట్టుకోవడం, ఎలుకలు బానెట్‌లో చేరి తీగలు కొరకడం మా ప్రాంతంలో మామూలే. రైతుబిడ్డగా గడ్డి గురించి ఎక్కువ మాట్లాడే ధైర్యం నాకు లేదు. కొత్తగా వచ్చిన బెంగ పెట్రోలుది. 2025 నాటికి మనకు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు చేరింది. ఇథనాలులో వేడిశక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడోవంతు తక్కువ, అందువల్ల మొత్తంలో ఆరేడు శాతం తగ్గుతుంది. ఇథనాలు నీటినీ పీల్చుకుంటుంది. మా గాలిలో, పాత రబ్బరు గొట్టాలున్న బండిని సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టడం మంచిది కాదు.

తిత్లీ తుఫాను సంగతి చెప్పకుండా ముగించలేను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరీ జీడీ నేలకొరిగాయి. నాకప్పుడు పదమూడేళ్లు. కరెంటు లేని ఆ రోజుల్లో వీధిలోని సెల్‌ఫోన్లన్నీ ఒక కారు బ్యాటరీకే తగిలించాం. దూరాన ఉన్న బంధువులకు “బతికున్నాం” అని చెప్పుకోవాలి కదా. మూడోరోజుకు ఆ బ్యాటరీ చచ్చింది. ఇంజను ఆపి బ్యాటరీని పూర్తిగా పిండితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ చార్జి పట్టదని అప్పుడెవరికీ తెలియదు. తెలిసినా ఆపేవాళ్లం కామనుకుంటాను.

పెద్దమ్మకు ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో వంతు. ముందురోజు రాత్రి భోజనాలయ్యాక చిన్నాన్న టార్చి పట్టుకుని బానెట్ ఎత్తుతాడు. క్లాంపు కదిపి చూస్తాడు, ఒకసారి బండి లేపి ఆపుతాడు. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

“లేసిందా?” అని అరుగు మీదనుంచి పెద్దమ్మ కేకేస్తుంది.

“లేసింది, పడుకో పెద్దమ్మా” అంటాడు.