ఓరుగల్లు మొదలు గోలకొండ వఱకు: ఆంధ్రదుర్గముల కట్టుబడియు ఫిరంగిబలమును

మన ప్రబంధములలో కోటవర్ణనము లేని పురవర్ణనము లేదు. అగడ్త పాతాళమును ముట్టును. ప్రాకారము మేఘములను నిలుపును. కొత్తడములపై వెలుగు దీపములు నక్షత్రములతో జగడమాడును. ఇవి కవిసమయములు. వానిని చదివి యానందింపవలసినదే. కాని పాఠశాలలలో నీ పద్యములకు టీక చెప్పునప్పుడు కోట, కొత్తడము, బురుజు, ఆళువరి, దిడ్డి, గవని యను పదములకు పర్యాయపదములు వ్రాయించి విడుచుటయే పరిపాటియైనది. ఆ పదములు తెలుపు వస్తువులు నేటికిని మన జిల్లాలలో ఱాతిరూపమున నిలిచియున్నవి. వాని నిర్మాణ మెట్టిదో, యే యాయుధమున కెదురుగా నెట్టి గోడ పుట్టినదో తెలిసికొనినగాని యా పదముల చరిత్ర మనకు బోధపడదు. ఆ విషయమును సంగ్రహముగా వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున జలదుర్గము, పర్వతదుర్గము, ధాన్వనదుర్గము, వనదుర్గము అని నాలుగు విధములు చెప్పబడినవి. కోటచుట్టు మూడు పరిఖలు త్రవ్వవలయుననియు, అట్లు త్రవ్విన మంటితోడనే వప్రమును బోసి, ఏనుగులచేతను ఎద్దులచేతను త్రొక్కించి గట్టిపఱుపవలయుననియు నందు విధింపబడినది. కొయ్యతో గోడ కట్టరాదు, అందు అగ్ని దాగియుండు నని హెచ్చరికయు గలదు. ఇందు గమనింపదగిన సూత్ర మొకటి. అగడ్తయు గోడయు వేఱువేఱు పనులు గావు. ఒకే పనికి రెండు ముఖములు. ఎంత లోతు త్రవ్విన నంత యెత్తు మన్ను లభించును. ఆ మంటిని మోసికొనిపోవు దూరము తక్కువ. శత్రువు ఎక్కవలసిన యెత్తు మాత్రము లోతును ఎత్తును కలిసి రెట్టింపగును.

ఈ సూత్రమునకు ఓరుగంటికోట చక్కని నిదర్శనము. కాకతి గణపతిదేవుడు (1199-1262) ఱాతికోటను ఆరంభించెను. రుద్రమదేవి (1262-1289) దాని నెత్తు పెంచి పూర్తిచేయించెను. లోపలిది ఱాతిగోడ, దాని వ్యాసము సుమారు 1.2 కిలోమీటరులు. వెలుపలిది మంటిగోడ, దాని వ్యాసము సుమారు 2.4 కిలోమీటరులు. రెంటికిని అగడ్తలు గలవు. ఱాతిగోడకు 45 కొత్తడములు. పెద్దపెద్ద నల్లసేనపు ఱాళ్లను చెక్కి, సున్నము లేకుండ నొకదానిపై నొకటి కూర్చిరి. ఱాతి బరువే ఱాతిని పట్టియుంచును. గోడ లోపలివైపున మంటికట్టను బోసి దానిపై మెట్లు పఱచిరి. అందుచేత భటులు ఏదో యొక సోపానమునకై పరుగెత్తనక్కఱలేక, ఎచట నవసరమైన నచటనే గోడపైకి ఎక్కగలుగుదురు. ఈ మెట్లు కోటయొక్క యందమునకు గాక వేగమునకు గట్టబడినవి.

గవనులు తిన్నగా లోనికి తెఱచుకొనవు. ముందొక ఆవరణము, అందు ప్రవేశించినవాడు ఒకమాఱు ప్రక్కకు తిరిగి, మరల నింకొకమాఱు తిరిగినగాని నగరములోనికి రాజాలడు. తలుపుమీదికి ఏనుగును తోలవలయునన్న దానికి తిన్నని దారి కావలయును, వేగము రావలయును. మలుపు ఆ వేగమును హరించును. పైగా శత్రువు మలుపు తిరుగునంతసేపు ఆవరణపు గోడపైనున్నవారికి అతని ప్రక్క దొరకును. కొత్తడము గోడనుండి ముందుకు పొడుచుకొనివచ్చుటయు నిందుకే. గోడమీద నిలిచినవాడు తన పాదములక్రింద నున్న శత్రువును జూడలేడు. ప్రక్క కొత్తడముమీది విలుకాడు చూడగలడు. కావున ఒక కొత్తడమునుండి మఱియొక కొత్తడమునకు నడుమనున్న దూరము బాణపు పరువును బట్టి యేర్పడును.

ఇట్టి కోటను 1310లో మాలిక్ కాఫూరు ముట్టడించినపుడు ఇరువైపులను ఱాళ్లు విసరు యంత్రములే ముఖ్యాయుధములు. ఆ ముట్టడిని గూర్చి అమీర్ ఖుస్రో వ్రాసిన పారసీక గ్రంథమున ఓరుగంటి మంటిగోడయొక్క గట్టితనము విశేషముగా బేర్కొనబడినది. ఱాతిగోడకంటె మంటిగోడ గొప్పదగుట యెట్లని శంక కలుగవచ్చును. యంత్రము విసరిన గుండు ఱాతికి దగిలిన ఱాయి బీటలువాఱును. మంటికి దగిలిన గుండు అందే క్రుంగిపోవును. దెబ్బయొక్క బలమును మన్ను మ్రింగివేయును. ఈ సంగతి ముందు మరల మనకు పనికివచ్చును. 1310లో ప్రతాపరుద్రుడు సంధిచేసికొనెను. 1323లో ఉలుగ్ ఖాను సైన్యము రెండవమాఱు వచ్చి ముట్టడించినప్పుడు కోట లొంగిపోయినది. కాకతీయ రాజ్య మంతటితో ముగిసినది.

పిదప రెండు శతాబ్దములలో యుద్ధముయొక్క స్వభావము మాఱినది. ఆ మార్పునకు మన భాషయే సాక్ష్యము. కోట, అగడ్త, కొత్తడము, దంచనము పూర్వపదములు. బురుజు అరబ్బీ పదము, తుపాకి తురుష్కపదము, ఫిరంగి యన్నది ఐరోపీయులకు తూర్పుదేశములవారు పెట్టిన పేరు, వారి యాయుధమునకును సంక్రమించినది. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరిని ముట్టడించినప్పుడు పోర్చుగీసు తుపాకిదార్లు గోడమీది రక్షకులను గుఱిచూచి కొట్టుటచే గోడ మొదలును త్రవ్వువారికి వీలుకలిగినదని పోర్చుగీసు లేఖకుడు నూనిజు తెలుపుచున్నాడు. అనగా తుపాకి గోడను పడగొట్టలేదు. గోడను కాపాడు మనుష్యుని పడగొట్టినది. ఎత్తైన సన్నని గోడకు కాలము చెల్లిన దని దుర్గనిర్మాతలు దీనినుండి తెలిసికొనిరి.

ఆ తెలివికి ఫలము గోలకొండ. ఇది మొదట మంటికోట. 14వ శతాబ్దమున కాపయనాయకుని చేతినుండి బహమనీల కది దక్కినది. సుల్తాన్ కులీ కుతుబ్ షా దానిని ఱాతికోటగా మార్ప నారంభించెను. ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) కాలమున వెలుపలి ప్రాకారము బలపడినది. సుమారు 120 మీటరుల యెత్తుగల నల్లఱాతి గుట్టను నడుమ నుంచుకొని, 87 బురుజులతో, 8 దర్వాజాలతో నీ ప్రాకారము చుట్టివచ్చును. ఓరుగంటి కొత్తడములు చదరములు. ఇచటివి ఎక్కువగా గుండ్రనివి. చదరపు కొత్తడపు ముఖమునకు సరిగా ఎదురుగా నిలిచినవానిని ప్రక్కలవారు చూడలేరు. మూలలు గుండుదెబ్బకు సులభముగా విఱుగును. గుండ్రని గోడకు తగిలిన గుండు తఱచు ప్రక్కకు జాఱిపోవును. ఇది యొక కారణము. రెండవది ఇంతకంటె ముఖ్యము: ఫిరంగి వేటుకు వెనుకకు తన్నును. ఆ తన్నును ఓర్చుటకును, ఫిరంగిని నలువైపుల త్రిప్పుటకును బురుజుపైన విశాలమైన గట్టి వేదిక కావలయును. విలుకానికి మూరెడు చోటు చాలును, ఫిరంగికి చాలదు. కావున బురుజు లావెక్కినది. పేరుకు కొత్తడమును బురుజును నిఘంటువున నొకటియే. కట్టుబడి చూడ నొకటి విలుకాని పీఠము, రెండవది ఫిరంగి పీఠము.

బాలాహిసారు దర్వాజాకు ముందు అడ్డుగోడ, తలుపులకు ఇనుప ముండ్లు, గుట్టపైకి అంచెలంచెలుగా నీరు తోడు యంత్రములు, మంటిగొట్టములు, పెద్ద ధాన్యాగారములు ఇవియన్నియు కోటబలములో భాగములే. దర్వాజావద్ద చేసిన చప్పట్లు గుట్టమీది బారాదరిలో వినబడుట నేటి ప్రేక్షకులకు వినోదము.

కోట తన లోపమును తానే దిద్దికొనుటకు 1656 ముట్టడి యుదాహరణము. ఆ సంవత్సరము ఔరంగజేబు దక్కను సుబేదారుగా వచ్చి గోలకొండను ముట్టడించెను. షాజహాను ఆజ్ఞచే ముట్టడి విడిచెను. ఈశాన్యమున ప్రాకారమునకు వెలుపల నున్న మిట్ట శత్రువుల ఫిరంగులకు అనువైన చోటని యప్పుడు తేటపడినది. అబ్దుల్లా కుతుబ్ షా ఆ మిట్టను గూడ లోపల జేర్చి క్రొత్తగోడ కట్టించెను. అదియే నయాఖిల్లా. అందొక బురుజు తొమ్మిది మడతలుగా ముందుకుబికి యుండును. ఒక్కొక్క మడతనుండి ఒక్కొక్క దిక్కునకు కాల్పవచ్చును. దక్షిణమున మూసాబురుజును మూసాఖాను బలపఱచెను. ఆ పని జరిపించిన శిల్పి ధర్మాచారి. పారసీకమునను తెలుగునను గల శాసన మచట నున్నది. కుతుబ్ షాహీ ఫిరంగిబురుజుపై తెలుగుశాసనము, తెలుగుదేశపు శిల్పి పేరు నుండుట మన సాహిత్యపరిశోధకు లేమఱరాని విషయము.

1687లో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చెను. ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగినది. మొగలాయిలు గోడక్రింద సొరంగములు త్రవ్వి మందు కూరిరి. లోపలివారు ఎదురుసొరంగములు త్రవ్వి మందును కొంత తీసివేసిరి. నిప్పు పెట్టగా ప్రేలుడు వెలుపలివైపునకే తన్ని ముట్టడిదారులే నేలగూలిరి. వానలు, వరదలు, కఱవు వారిని బాధించినవి. గోడ లొంగలేదు. 1687 సెప్టెంబరు 21వ తేదీ రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ లంచముగొని దిడ్డి తెఱచెను. అబ్దుర్ రజాక్ లారీ ఒడలెల్ల గాయములతో పోరాడినను ప్రయోజనము లేకపోయినది. అబుల్ హసన్ తానీషా దౌలతాబాదు చెఱకు బోయెను. నేడు పెట్లబురుజుపై నున్న ఫతే రహ్బర్, మూసాబురుజుపై నున్న అజ్దహా పైకర్ అను పెద్ద ఫిరంగులను గోలకొండ ఫిరంగులని చెప్పుట వాడుక. కాని వానిపై చెక్కబడిన పేరు ఔరంగజేబుది. పోతపోసినవాడు ముహమ్మద్ అలీ అరబ్. అవి కోటను కాచినవి గావు, కోటపైకి వచ్చినవి.

ఈ పాఠము మనకు మాత్రమే చెందినది గాదు. ఐరోపాలో 15వ శతాబ్దాంతమున ఫిరంగులు ఎత్తైన గోడలను కూల్చగా, నక్షత్రాకారపు తగ్గు కోటలు పుట్టినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు 1812 యుద్ధానంతరము సముద్రతీరమున ఇటుకకోటల వరుస నొకదానిని గట్టిరి. వానిలో జార్జియాలోని పులాస్కీ కోట 1829లో మొదలై 1847లో ముగిసినది. రెండున్నర కోట్ల యిటుకలు; ఏడున్నర అడుగుల మందపు గోడ. నునుపు గొట్టపు ఫిరంగి గుండ్లు మైలు దూరమునుండి దానిని భేదింపలేవని నిర్మాతల లెక్క. ఆ లెక్క తప్పు గాదు. కాని 1862 ఏప్రిలున అంతర్యుద్ధములో క్వింసీ గిల్‌మోరు టైబీ ద్వీపమునుండి మరగొట్టపు ఫిరంగులను ప్రయోగించెను. ఈ గొట్టముల లోపల మెలికల గాళ్లుండుటచే గుండు తిరుగుచు సూటిగా దూరము పోవును. సుమారు 30 గంటలలో గోడకు గండిపడినది. గుండ్లు మందుకొట్టుదిశగా రా నారంభింపగా కోటాధిపతి లొంగిపోయెను. అటుపిమ్మట మంటికట్టలే ఇటుకగోడలకంటె మేలని సైనికశిల్పులు గ్రహించిరి. మంటిగోడ దెబ్బను మ్రింగునని ఓరుగంటివారు ఎఱిగినదే అది.

దీనినిబట్టి రెండు నియమములు తేలుచున్నవి. ప్రతికోటయు కడచిన యుద్ధపు టాయుధమున కుత్తరము; రాబోవు నాయుధమునకు గాదు. ఇక గోడ, ఫిరంగి, నీరు, ధాన్యము ఎంత సమకూర్చినను దిడ్డికడ నిలిచిన మనుష్యుని విశ్వాసమే చివరి ప్రాకారము.

పండితులకు ఇందొక పని గలదు. త్రిపురారము, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతముల విద్యార్థికి రేచర్ల పద్మనాయకుల దేవరకొండయు, చాళుక్య త్రిభువనమల్లుని పేర వెలసిన భువనగిరి యేకశిలాదుర్గమును దూరము గావు. తెలంగాణ పల్లెలలో ఊరిబురుజులు పెక్కు నిలిచియున్నవి. పెక్కు ఱాతికొఱకును మంటికొఱకును నేలమట్టమైనవి. 2020 అక్టోబరు వానలకు గోలకొండ గోడయే యొకచోట కూలినది. కూలిన గోడను మరల గట్టవచ్చును. కాని చదరమా గుండ్రమా, సున్నమున్నదా లేదా, ఫిరంగివేదిక గలదా లేదా యను సాక్ష్యము మరల రాదు. కావున ఊరిబురుజును కొలిచి, దాని యాకారమును, కట్టుబడిని, స్థానికులు దాని భాగములకు వాడు పేళ్లను వ్రాసియుంచుట ప్రతి పాఠశాలయు చేయదగిన పని. అట్లు సేకరించిన మాటలే రేపటి నిఘంటువునకు సరియైన యర్థము లొసగును. ప్రబంధములోని కోటయు నప్పుడు కన్నులకు గట్టును.