గోదావరి నీరు ఎక్కడికి పోతున్నది?

గోదావరి నది మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి, కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెడుతుంది. ఆ తర్వాత ఒక ఒడ్డున పాత ఆదిలాబాద్ జిల్లా, మరో ఒడ్డున నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలు. ఇంత పెద్ద నది పక్కనే ఉన్నా చివరి ఆయకట్టుకు నీళ్లెందుకు చాలవు? ఈ సందేహంతోనే మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

పోచంపాడు వద్ద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. మొదట అనుకున్న నిల్వ 112 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. వరదతోపాటు వచ్చిన ఒండ్రు అడుగున పేరుకుని, నిల్వ దాదాపు 80 టీఎంసీలకు తగ్గినట్లు తర్వాతి సర్వేల్లో తేలింది. దిగువ మానేరు డ్యాం మొత్తం సామర్థ్యమే 24 టీఎంసీలు. అంతకంటే ఎక్కువ చోటును పూడిక మింగిందన్నమాట!

ఇక ఎండ. ఒక ఎకరం నీటి మీద ఒక్క సెంటీమీటరు ఆవిరైతే 40 వేల లీటర్లు పోయినట్లే. ఆ నీరు మళ్లీ మన చేతికి రాదు.

కాలువలో ఇంకే నీటి సంగతి వేరు. కాకతీయ కాలువ దిగువ మానేరు చేరడానికే 146 కిలోమీటర్లు పారాలి. దారిలో ఇంకిన నీరు లెక్కల్లో నష్టమే. కాని అదే నీరు గట్టు కింది బావుల్లో ఊటగా వస్తుంది. మా హాస్టల్లో స్నానాల నీరు అరటిచెట్లకు పోయినట్లే ఇదీను. కాలువకు సిమెంటు లైనింగ్ వేస్తే చివరి రైతుకు నీరందుతుంది, బావి రైతుకు ఊట తగ్గుతుంది. ఒకరి నష్టం మరొకరి పంట! మడిలో నుంచి పారిన నీరు కూడా వాగుల్లో కలిసి మానేరు ద్వారా గోదావరికే చేరుతుంది. అయితే ఎరువులను, పురుగుమందులను వెంట తీసుకుపోతుంది.

అందుకే వారబందీ పెట్టి వంతులవారీగా నీళ్లు వదులుతారు, యాసంగిలో ఆరుతడి పంటలు వేయమంటారు. తూము దగ్గరి రైతు వరి మీద వరి వేస్తే చివరి రైతుకు మిగిలేది ఎండిన పిల్లకాలువే. మా తోటి విద్యార్థుల్లో అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారు ఉన్నారు.

ఈ ఎగువ, దిగువ తగవు రాష్ట్రాల మధ్య కూడా ఉంది. మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీపై 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాని ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. ఏటా మార్చి 1న 0.6 టీఎంసీలు దిగువకు వదలాలి. ఆ నీరు పోచంపాడు చేరాలంటే ముందు దారిలోని ఎండిన ఇసుక దాహం తీరాలి మరి!