వేసవి సువాసనలు: నిమ్మ, వట్టివేరు, మన చర్మం

ఎండలు ముదిరేకొద్దీ ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతంలో మామిడి కోతలు జోరందుకుంటాయి. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, సెలవులకు వచ్చే బంధువుల రాకపోకలు కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ. చెమట వాసనతో నలుగురిలో కూర్చోవడం ఇబ్బందిగా ఉంటుందని చాలామంది నిమ్మ వాసన వచ్చే కొలోన్ గానీ, వట్టివేరు అత్తరు గానీ కొనుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే కొన్ని రకాలను చర్మానికి రాసుకుని ఎండలోకి వెళితే కాలినట్లు పొక్కి, నెలల తరబడి నల్లమచ్చలు మిగిలిపోతాయి. కారణం తెలియక మెడ మీద మచ్చలకు దొరికిన క్రీములన్నీ పూసేవారు ఉన్నారు. అందుకే ఈసారి ఈ విషయం వివరంగా చెప్పుకుందాం.

చెమటకు వాసన ఎందుకు?

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. ఒళ్ళంతా పట్టే చెమటలో ఎక్కువ భాగం నీరు, కొంత ఉప్పు. చంకలు, గజ్జలలో ఉండే మరో రకం గ్రంథుల నుండి కొంచెం చిక్కని చెమట వస్తుంది. చర్మం మీద ఉండే సూక్ష్మక్రిములు దాన్ని విడగొట్టినప్పుడు దుర్వాసన పుడుతుంది. కాబట్టి అసలైన మందు స్నానం, ఉతికిన నూలు బట్టలు. సెంటు వాసనను కప్పుతుంది గాని శుభ్రం చేయదు.

చెమట ఆరేటప్పుడే శరీరం చల్లబడుతుంది. కొలోన్ రాసుకోగానే చల్లగా అనిపించడానికి కారణం అందులోని ఆల్కహాలు త్వరగా ఆరిపోవడం. ఆ చల్లదనం కొద్ది నిమిషాలే. అది వడదెబ్బను ఆపలేదు. వడదెబ్బ తగలకుండా ఉండాలంటే నీళ్ళు, మజ్జిగ, నీడ, విశ్రాంతి కావాలి.

నిమ్మ వాసన ఇట్టే పోతుంది, వట్టివేరు వాసన నిలుస్తుంది

నిమ్మ, నారింజ తొక్కల మీద చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి. తొక్కను నలిపితే చిమ్మేది ఆ నూనే. అందులో ముఖ్యమైనది లిమొనీన్. ఇది చాలా తేలికైన పదార్థం కాబట్టి త్వరగా గాలిలో కలిసిపోతుంది. 1709లో జర్మనీలోని కొలోన్ పట్టణంలో ఫరీనా కుటుంబం మొదలుపెట్టిన వ్యాపారంతో పేరు పొందిన సువాసన జలం ఇలాంటి నిమ్మజాతి నూనెలతో చేసిందే. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఇందులో సుగంధ తైలం తక్కువ, ఆల్కహాలు ఎక్కువ. అందుకే హాయిగా ఉంటుంది, త్వరగా పోతుంది.

వట్టివేరు ఒక గడ్డి జాతి మొక్క వేరు. దాని తైలాన్ని ఆవిరి పట్టి తీస్తారు. ఆ పదార్థాలు బరువైనవి కాబట్టి వాసన గంటల తరబడి ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తర్లకు పేరు పొందిన ఊరు. హైదరాబాదు చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాలలో వట్టివేరు అత్తరును ఖస్ అని అడిగితే ఇస్తారు. పూర్వం మన ఇళ్ళలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. చల్లదనం ఆ నీరు ఆరడం వల్ల, పరిమళం వేళ్ళ వల్ల. మన ఆడవాళ్ళు పూలతో కలిపి కట్టుకునే మరువం, దవనం కూడా వేసవికి తగిన సువాసనలే. దక్షిణాదిన పండే దవనం తైలాన్ని విదేశీ సెంట్లలోనూ వాడుతారు.

నిమ్మ, ఎండ కలిస్తే ఏమవుతుంది?

నిమ్మతొక్క నూనెలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. ఇవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, సూర్యకాంతిలోని అతినీల లోహిత కిరణాలను పట్టుకుని చర్మ కణాలను దెబ్బతీస్తాయి. బొల్లి వ్యాధికి పూర్వం నుండి వాడుతున్న బావంచాల గింజలలో ఉన్నది కూడా ఈ కుటుంబానికి చెందిన పదార్థమే. వైద్యుడు కొలిచి ఇస్తే అది చికిత్స. కొలత లేకుండా మెడకు రాసుకుంటే గాయం.

సాధారణంగా ఒక రోజు గడిచాక ఎర్రబడుతుంది, మంట పుడుతుంది. రెండు మూడు రోజులకు ఎక్కువవుతుంది, బొబ్బలు కూడా రావచ్చు. తగ్గాక గోధుమ లేదా నల్లరంగు మచ్చ వారాలు, నెలలు ఉంటుంది. సెంటు కారిన దారిలోనే చారలాగా మచ్చ పడటం దీని గుర్తు. కొలోన్ రాసుకుని ఎండలో గడిపినవారిలో ఇలాంటి మచ్చలను ఐరోపా వైద్యులు 1916లోనే గుర్తించారు. సెంటు ఒక్కటే కాదు, నిమ్మకాయలు పిండిన చేతులతో ఎండలో నిలబడే నిమ్మసోడా వ్యాపారులకు, పచ్చడికి కాయలు తరిగి ఆరుబయట పనిచేసేవారికి కూడా ఇది రావచ్చు.

తొక్కను నొక్కి తీసిన నూనెలోనే ఈ ప్రమాదం ఎక్కువ. ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనెలో ఈ బరువైన పదార్థాలు పైకి రావు. అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ నియమాల ప్రకారం, ఎండ తగిలే చర్మానికి రాసి కడగకుండా వదిలేసే వాటిలో నొక్కి తీసిన మన కాగ్జీ నిమ్మ జాతి నూనె 0.7 శాతం మించకూడదు, పెద్ద నిమ్మ నూనె 2 శాతం మించకూడదు. ఇంట్లో తొక్కలు నలిపి రాసుకునేటప్పుడు ఈ కొలత ఎవరు చూస్తారు?

మామిడి కోతకు వెళ్ళేవారికి

మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబపు చెట్లు. కాయ తొడిమ తెంపినప్పుడు చిమ్మే సొన చర్మాన్ని కాలుస్తుంది, కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. సొన పడిన చోట వెంటనే సబ్బుతో కడగాలి. అలా పొక్కిన చర్మం మీద గాని, చెమటకాయల మీద గాని, గడ్డం గీసుకున్న వెంటనే గాని కొలోన్ రాయకండి. ఆల్కహాలు మంటను పెంచుతుంది, దెబ్బతిన్న చర్మానికి సువాసన పదార్థాలు పడకపోయే అవకాశం ఎక్కువ.

ఎలా వాడుకోవాలి?

1. నిమ్మజాతి సెంటును ఒంటికి కాక బట్టలకు చల్లుకోండి. మరక పడుతుందేమో లోపలి అంచున చూసుకోండి. ఒంటికే కావాలంటే సాయంత్రం, ఎండ పోయాక.

2. కొత్త సెంటును ముందుగా మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి, ఆ చోటికి ఎండ తగలకుండా రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే మానేయండి.

3. ఏళ్ళ నాటి సీసాలు వాడకండి. గాలి తగిలి పాతబడిన లిమొనీన్ ఎలర్జీ కలిగించే పదార్థంగా మారుతుంది.

4. తక్కువ ఖర్చులో కావాలంటే గుప్పెడు వట్టివేళ్ళను మట్టి పోయేలా కడిగి, రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఉదయం ఆ నీటిని వడకట్టి స్నానపు నీళ్ళలో కలుపుకోండి. ఎండిన వేళ్ళను బట్టల పెట్టెలోనూ ఉంచుకోవచ్చు.

5. పొయ్యి దగ్గర, బీడీ సిగరెట్ల దగ్గర సెంటు చల్లకండి. ఆల్కహాలు భగ్గుమంటుంది.

6. పసిపిల్లల ఒంటికి ఏ సెంటూ వద్దు. సీసాను పిల్లలకు అందకుండా పెట్టండి. కొలోన్ తాగిన పిల్లలకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

7. ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన సువాసన ఆయాసం తెప్పించవచ్చు. పెళ్ళి పందిరి, ఆలయం, బస్సు వంటి కిక్కిరిసిన చోట్లకు వెళ్ళేటప్పుడు కొంచెమే వాడటం తోటివారి పట్ల మనం చూపించే దయ.

మచ్చ వచ్చేసిందా?

ఎర్రబడగానే సబ్బుతో కడిగి, చల్లని నీళ్ళలో తడిపిన గుడ్డ వేయండి. బొబ్బలను చిదపకండి. ఆ భాగాన్ని ఎండ పడకుండా కప్పుకోండి. మచ్చ పోవాలని మందుల షాపులో ఎవరో చెప్పిన తెల్లబరిచే క్రీము వాడకండి. వాటిలో కొన్నింటిలో బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు వస్తాయి, మానేయగానే మంట తిరగబెడుతుంది. ఎండకు దూరంగా ఉంచితే చాలా మచ్చలు వాటంతట అవే పలచబడతాయి. బొబ్బలు ఎక్కువగా ఉన్నా, చీము పట్టినా, కళ్ళ దగ్గర వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. వచ్చేటప్పుడు మీరు వాడిన సీసా కూడా తీసుకురండి. మచ్చకు కారణం తేల్చడానికి అది మాకు ఎంతో ఉపయోగపడుతుంది.