చీనా ఆహార వైద్యము - మన గంజి

పరీక్షలు దగ్గరపడిన కొలది మన విద్యార్థుల భోజనక్రమము తారుమారగుట ఏటేటా కనబడుచున్నదే. కడుపులో త్రిప్పుచున్నదని, అన్నము సహించుట లేదని కొందరు ఉదయపు ఫలాహారము మానివేయుదురు. దానికి బదులు రాత్రి ప్రొద్దుపోవువరకు టీ మీద టీ త్రాగుదురు. ఆకలి పట్టలేనప్పుడు బజ్జీల బండి వద్ద నిలుచుందురు. ఫలితము మరునాడు పరీక్షా మందిరములో తెలియును. మనస్సునకును జీర్ణకోశమునకును గల ఈ బాంధవ్యమును వంటయింటి నుండియే చక్కదిద్దవచ్చునని చీనా దేశపు వైద్యులు చిరకాలముగా చెప్పుచున్నారు. ఆ పద్ధతి ఎట్టిదో, అందులో నెల్లూరు సీమవారమైన మనము సులభముగా అందుకొనదగినది ఏదో పాఠకులకు నివేదింపదలచితిమి.

చీనాలో ఆహార వైద్యమునకు ఒక ప్రత్యేక శాఖగా గౌరవము తెచ్చినవారిలో సున్ సిమియావ్ ముఖ్యుడు. క్రీ.శ. 652 ప్రాంతమున ఆయన కూర్చిన బృహద్వైద్యగ్రంథములో ఆహార చికిత్సకు ఒక భాగము కేటాయించినాడు. వైద్యుడు మొదట ఆహారముతో ప్రయత్నింపవలెననియు, అది ఫలింపనప్పుడే మందుల జోలికి పోవలెననియు ఆయన మతము. ఈ శాస్త్రములో ప్రతి పదార్థమునకు ఒక స్వభావము కలదు: వేడి, నులివెచ్చన, చల్లన, మిక్కిలి చల్లన. ఏ వైపునకును మొగ్గనివి సమములు. ఇది చేతికి తగులు వేడి కాదు. పొగలు గ్రక్కుచున్న పచ్చ తేనీరు గూడ వారి లెక్కలో చలువయే. ఈ మాట విని మన పాఠకులు ఆశ్చర్యపడనక్కరలేదు. బొప్పాయి వేడి, సబ్జాగింజలు చలువ అని మన అవ్వలు చెప్పునది ఇటువంటి లెక్కయే గదా!

మానసికమైన ఒత్తిడిని గురించి ఆ వైద్యులు చెప్పిన విషయము విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపదగినది. అతిగా ఆలోచించుట ప్లీహమును దెబ్బతీయునని వారందురు. ఇచ్చట ప్లీహమనగా కేవలము శరీరశాస్త్రములోని ఆ ఒక్క అవయవము కాదు. అన్నమును అరిగించి బలముగా మార్చు మొత్తము వ్యవస్థకు వారు పెట్టిన పేరది. మన చరకసంహిత విమానస్థానములోని రెండవ అధ్యాయము కూడ ఈ సంగతినే మరియొక విధముగ చెప్పుచున్నది. చింత, శోకము, భయము, క్రోధము, నిద్రలేమి ఉన్నప్పుడు మితముగా తిన్న పథ్యాహారము సైతము జీర్ణము కాదట. యునానీ హకీములు మనిషికిని ఆహారమునకును మిజాజును నిర్ణయించి, గర్మ్, సర్ద్, తర్, ఖుష్క్ అను నాలుగు గుణముల మీద చికిత్స నడుపుదురు. ఆహారముతో కుదురు జబ్బునకు మందు వాడరాదన్న మాట రాజీ పేరిట వారిలో ప్రచారములో ఉన్నది. ఇలాజ్ బిల్ గిజా, అనగా ఆహారముతో చికిత్స, నేటికిని యునానీలో ఒక గుర్తింపు గల విధానమే.

ఈ భావములు ఒకచోటి నుండి మరియొకచోటికి ప్రయాణము చేసినవా, లేక వేరువేరుగా పుట్టినవా అని అడుగువారుందురు. రెండును కొంత కొంత నిజమని మా అభిప్రాయము. గూడూరునకు తూర్పున సముద్రపుటొడ్డున గల కొత్తపట్నములో జరిగిన త్రవ్వకములందు చీనా పింగాణీ ముక్కలు లభించినవి. మనకు ఉత్తరమున మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము సుంకము చెల్లింపవలసిన సరకులలో చీనా కర్పూరమును పేర్కొనుచున్నది. సరకు వచ్చిన త్రోవను మాట కూడ వచ్చును. ఇక చీనా వైపు చూడుడు. మంగోలు చక్రవర్తుల ఆస్థానములో ఆహారాధికారిగా ఉండిన హు సిహుయి 1330లో చక్రవర్తికి సమర్పించిన పాకవైద్య గ్రంథములో మేకమాంసము, సెనగలు, మస్తగీ వేసి కాచిన పులుసు ఒకటి కలదు. మస్తగీ మన హకీముల పెట్టెలో ఉండెడి బంకయే!

అయినను పోలికను మరీ సాగదీయరాదు. చీనావారికి పీత మిక్కిలి చలువ. అందుచేతనే అల్లము, వెనిగరు లేక వారు పీతను ముట్టరు. మన తీరములోనో, జలుబు పట్టిన వానికి మిరియాలు వేసి పీతల పులుసు పోయుదురు, మనకది వేడి. ఒకే పీత ఒకచోట చలువ, ఒకచోట వేడి ఎట్లగును? కనుక ఈ స్వభావ నిర్ణయములు కొలమానముతో కొలిచి చెప్పినవి కావనియు, అనుభవము మీద ఏర్పడిన వాడుకలనియు గ్రహింపవలెను. వాడుక విలువ గలదే, కాని అది రుజువు కాదు.

మూడు సంప్రదాయములును నిస్సంకోచముగా కలిసికొనునది ఒక్క కుండ వద్ద. అది గంజి. చీనావారు దీనిని 'జౌ' అందురు. ఆంగ్లేయులు దానికి వాడు 'కాంజీ' అను పేరు మాత్రము తమిళ 'కంజి' నుండి పోయినది. మన 'గంజి'కి అది తోబుట్టువు. అన్నము వార్చిన నీటినే గంజి అను అలవాటు మనకున్నది గాని, ఇచ్చట చెప్పునది గింజ కరిగిపోవునట్లు ఉడికించిన జావ. రంజాన్ మాసమున ఇఫ్తారు వేళ మసీదులలో పంచు గంజి ఈ కోవలోనిదే. పగలంతయు ఖాళీగా ఉన్న కడుపునకు మొట్టమొదట ఏమి ఇవ్వవలెనో మన పెద్దలు చక్కగా ఎరుగుదురు.

వండు విధానమిది. ఒక గిన్నెడు బియ్యపు నూకలు, పావు గిన్నెడు పెసరపప్పు కడిగి అరగంట నాననిచ్చి, పది గిన్నెల నీరు పోసి పొయ్యిపై పెట్టవలెను. పొంగు వచ్చిన పిదప మంట తగ్గించి, బొటనవ్రేలంత అల్లము దంచి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, నానబెట్టిన మెంతులు అర చెంచా వేసి గంటన్నరసేపు అడుగంటకుండ కలియబెట్టుచుండవలెను. దించు ముందు పుదీన, కొత్తిమీర, ఉప్పు. మాంసాహారులు కొంచెము ఖీమా వేసికొనవచ్చును. తొందర గలవారు ప్రెషర్ కుక్కరులో వండుకొనవచ్చును, కాని నిదానముగా ఉడికిన దాని నునుపు దీనికి రాదు. చీనావారు ఇందులో తామరగింజలు, ఎండు రేగుపండ్లు వేసి, మనస్సు కుదుటపడి నిద్ర పట్టుననుచున్నారు. ఆ రేగుపండే యునానీ దుకాణములలో ఉన్నాబ్ పేర దొరకును. మన గంగరేగు దానికి దాయాది. ప్రక్కన ఊరగాయ నంజుకొనుట మన హక్కు. కాని కడుపులో మంట ఉన్ననాడు ఆవకాయకు సెలవు ఇచ్చుట మంచిది.

నేటి విజ్ఞానము దీనిని గురించి ఏమనుచున్నది? భయాందోళనలు కలిగినప్పుడు జీర్ణాశయము ఖాళీ అగుట మందగించును, పెద్ద ప్రేగు కదలిక వేగిరపడును. అందుచేతనే పరీక్షనాటి ఉదయము పొట్ట ఉబ్బరము, విరేచనము రెండును ఒకేసారి బాధించును. మెత్తగా ఉడికి నీరు పీల్చుకొన్న గింజను అరిగించుట అలసిన కడుపునకు తేలిక. అల్లము వికారమును తగ్గించునని గర్భిణుల విషయములో జరిగిన పరీక్షలు చాలవరకు సమర్థించుచున్నవి. అయితే గంజి త్రాగినంతనే చింత తొలగునని నిరూపించిన పరిశోధన ఏదియు మేము చూడలేదు. దేహములోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతము ప్రేగులలోనే తయారగునన్నది నిజమే. కాని అది మెదడులోనికి ప్రవేశింపదు. కనుక ఫలానా ఆహారము సెరటోనిన్ పెంచి సంతోషమునిచ్చునను ప్రకటనలను నమ్మవలదు. ఇక టీ సంగతి. కెఫీను రక్తములో సగమునకు తగ్గుటకు సుమారు 5 గంటలు పట్టును. రాత్రి 10 గంటలకు త్రాగిన టీలోని సగము కెఫీను తెల్లవారుజామున 3 గంటలకు గూడ మేల్కొనియే ఉండును, త్రాగినవానిని మేల్కొల్పుచునే ఉండును!

మధుమేహము గలవారికి గంజి త్వరగా చక్కెరను పెంచును. వారు నూకలు తగ్గించి పెసరపప్పు పెంచుకొని, వైద్యుని సలహాపై తీసికొనవలెను. వారములు గడచినను తగ్గని మంట, నల్లని విరేచనము, అకారణముగా బరువు తగ్గుట, నిద్రనుండి లేపు కడుపునొప్పి ఉన్నచో ఏ వంటయింటి వైద్యమును పనికిరాదు. జీర్ణాశయపు పుండ్లకు హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవి తరచు కారణము. దానిని గంజి చంపలేదు, యాంటిబయాటిక్ మందులే చంపవలెను. విద్యార్థులు సిగ్గుపడి ఈ బాధలను దాచుకొనుట మాకు ఎక్కువ విచారము కలిగించుచున్నది.

కళాశాల సంఘము వారికి ఒక విన్నపము. వార్షిక పరీక్షల దినములలో ఉదయము 7 గంటలకు క్యాంటీనులో ఒక డేగిసా గంజి సిద్ధము చేయించుడు. కిలో నూకలు, పావుకిలో పెసరపప్పు, 12 లీటర్ల నీరు ఉన్నచో సుమారు 30 మందికి చాలును. ఖర్చు స్వల్పము. పరీక్షలు రంజానులో వచ్చిన యేడాది అదే డేగిసాను సహరీ వేళకు వసతిగృహమునకు పంపవచ్చును, సాయంత్రము ఇఫ్తారునకు మరల పొయ్యి ముట్టింపవచ్చును.