లాగ్ సేవ ఆగిపోయినప్పుడు

యునిక్స్ సంప్రదాయానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో తెర మీద కనబడకుండా నిరంతరం నడుస్తూ ఉండే ప్రోగ్రాములను డెమన్లు అంటారు. వాటిలో ఒకదాని పని, మిగిలిన ప్రోగ్రాములు పంపే సందేశాలను అందుకుని, వచ్చిన సమయాన్నీ పంపినవారి పేరునూ జతచేసి ఫైళ్లలో భద్రపరచడం. ఈ ఫైళ్లే లాగ్‌లు. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము కోసం రూపొందించిన సిస్‌లాగ్ అనే లాగ్ వ్యవస్థ క్రమంగా ఇతర ప్రోగ్రాములకూ ఆధారమై యునిక్స్ లోకమంతటా వ్యాపించింది. సందేశాల తీవ్రతను 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయిలుగా విభజించే దాని పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

ఏ సేవ చెడిపోయినా ఆ సంగతి లాగ్‌లో తెలుస్తుంది కానీ, లాగ్ సేవే చెడిపోతే ఆ సంగతి నమోదయ్యే చోటు ఉండదు. అందుకే ఈ వైఫల్యం చాలా సందర్భాలలో, మరొక ప్రమాదం జరిగి పాత నమోదులు అవసరమైన రోజునే బయటపడుతుంది. సందేశాన్ని రాయలేని పరిస్థితి ఎదురైనప్పుడు లాగ్ వ్యవస్థ ముందు రెండే దారులు ఉంటాయి: సందేశాన్ని వదిలేయడం, లేదా చోటు దొరికేదాకా పంపినవారిని ఆపి ఉంచడం. ఈ రెండింటిలో నష్టం లేనిది ఏదీ లేదు.

రెండో దారి తెచ్చే చిక్కు అంత తేలికగా అర్థమయ్యేది కాదు. లినక్స్‌లో ప్రోగ్రాములు తమ సందేశాలను సాకెట్ అనే ద్వారం గుండా లాగ్ డెమన్‌కు పంపుతాయి. డెమన్ ఇంకా చదవని సందేశాలను కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం, ఒక పరిమితి వరకే వరుసలో నిలుపుతుంది. డెమన్ పూర్తిగా ఆగిపోయి సాకెట్ మూసుకుపోతే పంపే ప్రయత్నం వెంటనే విఫలమవుతుంది కనుక సందేశం పోయినా ప్రోగ్రాము ముందుకు సాగుతుంది. కానీ డెమన్ బతికే ఉండి చదవడం మానేస్తే వరుస నిండిపోయి, తర్వాత పంపబోయిన ప్రతి ప్రోగ్రామూ ఖాళీ కోసం ఎదురుచూస్తూ నిలిచిపోతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సేవ కూడా ప్రతి ప్రవేశాన్నీ లాగ్‌కు తెలియజేస్తుంది కాబట్టి, నెట్‌వర్క్ పలకరింపులకు యంత్రం బదులిస్తున్నా ఎవరూ లోపలికి వెళ్లలేని వింత స్థితి ఏర్పడుతుంది. ఈ దృష్టితో చూస్తే పూర్తిగా చచ్చిన డెమన్ కన్నా సగం చచ్చిన డెమనే ప్రమాదకరం. అది చదవడం మానేయడానికి కారణం చాలాసార్లు మరో యంత్రంలో ఉంటుంది: లాగ్‌లను అవతలికి చేరాయో లేదో చూసుకునే టీసీపీ పద్ధతిలో కేంద్ర సర్వర్‌కు పంపుతున్నప్పుడు ఆ సర్వర్ ఆగిపోతే, డెమన్ సొంత వరుస కూడా నిండి, ఆ స్తంభన వెనక్కి పాకుతుంది. యూడీపీ పద్ధతిలో ఈ స్తంభన ఉండదు కానీ, అవతలికి చేరని సందేశం పోయిందని ఎవరికీ తెలియదు.

డిస్క్ నిండిపోవడం ఇంతకన్నా మామూలు కారణమే అయినా అందులోనూ ఒక మెలిక ఉంది. పెద్ద లాగ్ ఫైల్‌ను తొలగించినా ఖాళీ పెరగకపోవడం చూసి అడ్మినిస్ట్రేటర్లు తికమకపడుతుంటారు. యునిక్స్‌లో ఫైల్ పేరు వేరు, దాని సారం వేరు కావడం వల్ల, డెమన్ ఆ ఫైల్‌ను తెరిచి ఉంచినంతకాలం పేరు పోయినా చోటు విడుదల కాదు. పాత ఫైల్‌కు పేరు మార్చి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ కూడా ఈ కారణంగానే, ఫైళ్లను మళ్లీ తెరవమని డెమన్‌కు సంకేతం పంపవలసి వస్తుంది.

నేటి లినక్స్ పంపిణీలలో ఎక్కువగా కనిపించే సిస్టమ్‌డీ జర్నల్ అనే లాగ్ సేవ, ఒక సేవ 30 సెకన్లలో పంపే సందేశాలకు మామూలుగా 10,000 అనే పరిమితి పెట్టి, అది దాటితే మిగిలినవాటిని వదిలేసి, ఎన్ని వదిలిందో నమోదు చేస్తుంది. నష్టాన్ని దాచకుండా లెక్క చెప్పే ఈ పద్ధతి మెచ్చదగినది. అయితే తీవ్రత తక్కువగా ఉన్న సందేశాలను డిస్క్‌పై స్థిరపరచడానికి అది ఐదు నిమిషాల దాకా ఆగవచ్చు కనుక, హఠాత్తుగా కరెంటు పోతే ప్రమాదానికి ముందరి చివరి మాటలే గల్లంతయ్యే అవకాశం ఉంది.

భారతదేశంలో కంప్యూటర్ భద్రతా వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటి పరిధిలోకి వచ్చే సంస్థలు తమ లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. కాబట్టి లాగ్ సేవ ఆగిపోవడం ఇక సాంకేతిక లోపం మాత్రమే కాదు. సర్వర్ల బాధ్యత చూసేవారు లాగ్‌లకు వేరే డిస్క్ విభాగాన్ని కేటాయించాలి. డెమన్ నడుస్తోందా అని చూసి తృప్తిపడక, లాగర్ అనే ఆదేశంతో ప్రతి యంత్రం నుంచీ రోజూ ఒక పరీక్షా సందేశాన్ని పంపి, అది అవతలి సర్వర్‌లో చేరకపోతే హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకోవాలి.