జాన్ రంగయ్య

జాన్ రంగయ్య (1866 – 1915) తెలుగు బాప్టిస్టు సంఘాలు విదేశానికి పంపిన మొదటి మిషనరీ. 1903లో కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలసరాజ్యానికి చేరుకొని, అక్కడి తేయాకు, చెరకు తోటలలో ఒప్పంద కూలీలుగా పనిచేస్తున్న తెలుగువారి మధ్య సేవచేశాడు. ఆ సంవత్సరం డిసెంబరు 27న కియర్స్నీ అనే చోట ఆయన స్థాపించిన సంఘం దక్షిణాఫ్రికాలో మొదటి భారతీయ బాప్టిస్టు సంఘం. మిషనరీ అనగానే పడమటి దేశాలనుండి వచ్చి తెలుగు నేర్చుకొన్న దొరలే మన పాఠకులకు గుర్తుకు వస్తారు. రంగయ్య ప్రయాణం ఇందుకు భిన్నమైనది. ఆయనను పంపినవారు తెలుగువారే, ఆయన వెళ్ళినది కూడా తెలుగువారి కోసమే.

నేపథ్యం

తెలుగు దేశంలో అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్ర 1836లో శామ్యూల్ డే రాకతో మొదలయింది. ఆయన భార్యతో కలిసి విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసులలో కొంతకాలం గడిపి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఆనాటి మిషనరీ కుటుంబాలకు మొదటి పని భాష నేర్చుకోవడమే. మున్షీని పెట్టుకొని నెలల తరబడి అక్షరాలు దిద్దితే గాని బజారులో నోరు విప్పడం కుదిరేది కాదు. ఇంత శ్రమపడినా తొలి పాతికేళ్ళలో చేరినవారు చాలా తక్కువ. ఈ మిషనును మూసివేయాలా వద్దా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1853లో జరిగిన సభ తరువాత దీనికి "ఒంటరి నక్షత్రం" అనే పేరు వచ్చింది.

జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరిన తరువాత పరిస్థితి మారింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటి స్థానిక బోధకుల వలన ఈ మతం మాదిగపల్లెలలోకి ప్రవేశించింది. 1876–78 నాటి కరవు తరువాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇది క్రైస్తవ చరిత్ర గ్రంథాలలో తరచుగా కనిపించే అంకె. ఆ రోజు నీటిలో నిలిచి బాప్తిస్మం ఇచ్చినవారు దొరలు కారు, తెలుగు బోధకులు. క్లౌ పేరు ప్రపంచానికి తెలిసినంతగా వారి పేర్లు తెలియకపోవడం విచారకరం.

ఈ వ్యాప్తి ప్రధానంగా నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు చెందినది. నిజాము రాజ్యంలోని మెదకులో వెస్లియన్ మెథడిస్టులు, జహీరాబాదు, బీదరు, వికారాబాదుల వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. నేటాలుకు కూలీలుగా వెళ్ళిన తెలుగువారు మద్రాసు రాజధాని జిల్లాలవారు కాబట్టి, వారిలోని క్రైస్తవులలో బాప్టిస్టులు చెప్పుకోదగినంతగా ఉన్నారు.

పంతొమ్మిదవ శతాబ్దం చివరికి తెలుగు సంఘాలు తమ చందాలతో తామే బోధకులను పోషించుకోవాలని ఒక స్వదేశ మిషను సమాజాన్ని ఏర్పరచుకొన్నాయి. రంగయ్యను నేటాలుకు పంపినది ఈ సమాజమే. చందాలు ఇచ్చినవారిలో ఎక్కువమంది నిరుపేద వ్యవసాయ కూలీలని గుర్తుంచుకొంటే ఆ నిర్ణయం ఎంత పెద్దదో తెలుస్తుంది.

నేటాలులో తెలుగువారు

1860 నవంబరు 16న "ట్రూరో" అనే ఓడ మద్రాసునుండి మొదటి ఒప్పంద కూలీలను డర్బను రేవులో దింపింది. అప్పటినుండి 1911 వరకు, నడుమ కొన్నేళ్ళ విరామంతో, సుమారు 1,52,000 మంది భారతీయులు నేటాలుకు చేరారు. వీరిలో సుమారు మూడింట రెండు వంతులమంది మద్రాసులో ఓడ ఎక్కినవారే. వారు తమిళులు, తెలుగువారు. ఒప్పందం అయిదేళ్ళు. మగవారికి మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు ఉండేది. ఆడవారికి ఇందులో సగం. "అగ్రిమెంటు" అన్న మాట కూలీల నోట "గిరిమిట్" అయింది.

ఒప్పందం ముగిసినవారు అక్కడే నిలిచిపోకుండా 1895లో ఒక చట్టం చేసి, తలకు ఏడాదికి 3 పౌండ్ల పన్ను విధించారు. నెలకు పది పన్నెండు షిల్లింగులు సంపాదించేవారికి 3 పౌండ్లు, అనగా 60 షిల్లింగులు, అయిదారు నెలల జీతం. రంగయ్య నేటాలుకు చేరిన 1903లోనే ఈ పన్నును కూలీల పిల్లలకు కూడా వర్తింపజేశారు. 16 ఏళ్ళు దాటిన మగపిల్లలు, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లలు దీనిని చెల్లించవలసి వచ్చింది.

మతపరమైన సేవలో భాష చిక్కు తెచ్చింది. నేటాలు భారతీయుల మధ్య ప్రొటెస్టెంటు మిషనును 1862లో ప్రారంభించిన వెస్లియన్ మిషనరీ రాల్ఫ్ స్టాట్ అంతకుముందు సింహళంలో పనిచేసి తమిళం నేర్చినవాడు. ఆ మిషను సహజంగానే తమిళంలో సాగింది. తెలుగు మాత్రమే వచ్చిన కూలీకి ఆ ప్రసంగం సగమే అర్థమయ్యేది. పైగా శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సంఘాలకు, పెద్దవారైన విశ్వాసులను మాత్రమే నీటిలో ముంచే బాప్టిస్టులకు ఆచారంలోనే తేడా ఉంది. తమ భాషలో, తమ పద్ధతిలో ఆరాధన జరిపే కాపరిని పంపమని నేటాలు తెలుగు బాప్టిస్టులు స్వదేశానికి వర్తమానం పంపారు.

ప్రయాణం, కియర్స్నీ సంఘం

రంగయ్య కుటుంబం 1903 మధ్యలో డర్బనులో దిగింది. ఒప్పంద కూలీలను చేతులు చాచి తీసుకొన్న నేటాలు, సొంత ఖర్చుతో వచ్చే భారతీయులను అడ్డుకోవడానికి 1897లో వలస నియంత్రణ చట్టం చేసింది. దాని ప్రకారం కొత్తగా వచ్చేవారు ఏదో ఒక ఐరోపా భాషలో దరఖాస్తు నింపగలగాలి. అర్హుడైన వ్యక్తి భార్యకు, మైనరు పిల్లలకు మినహాయింపు ఉండేది. చట్టంలో జాతి పేరు ఎక్కడా లేకున్నా, అది ఎవరికోసం వ్రాసినదో అందరికీ తెలుసు. తెలుగు కూలీలకు తెలుగులో బోధించడానికి వచ్చేవాడికి కూడా ఆ గడ్డమీద అడుగు పెట్టాలంటే ఇంగ్లీషు వంటి భాష ఒకటి కావలసి వచ్చింది.

కియర్స్నీ స్టాంగర్ పట్టణానికి సమీపాన ఉంది. స్టాంగరుకు నేటి పేరు క్వాదుకూజా. ఇక్కడి తేయాకు తోట యజమాని సర్ జేమ్స్ లీజ్ హ్యూలెట్ స్వయంగా మెథడిస్టు ప్రసంగీకుడు. తోటలో పనివేళలు, సెలవులు, గుడి కట్టుకోవడానికి స్థలం, అన్నీ యజమాని దయమీద ఆధారపడి ఉండేవి. అనుమతి చీటీ లేకుండా కూలీ తోట దాటి వెళ్ళడం నేరం. అందువలన ఒక తోట సంఘానికీ మరొక తోట సంఘానికీ మధ్య తిరగగలిగినవాడు స్వతంత్రుడైన కాపరి ఒక్కడే. ఆదివారం కూడిక, ప్రభురాత్రి భోజనం, పెళ్ళిళ్ళు, సమాధి కార్యాలు ఆయన రాకకోసం ఎదురుచూసేవి.

కియర్స్నీ తరువాత ఉత్తర తీరంలోని ఇతర తోటలలోను, డర్బనులోను, బొగ్గుగనుల ప్రాంతమైన డండీలోను తెలుగు బాప్టిస్టుల కూడికలు ఏర్పడ్డాయి. ఈ సంఘాలు క్రమేణా నేటాల్ భారతీయ బాప్టిస్టు సమాఖ్యగా కలిశాయి.

తోటలలో భాషలు

తోటలోని కూలీ ఇంట్లో తెలుగు, పక్క గుడిసెలో తమిళం, ఉత్తరాదివారితో భోజ్‌పురి, ఆఫ్రికన్ పనివారితో జూలూ, దొరతో ఇంగ్లీషు వినేవాడు. వీటన్నిటి మధ్య అందరికీ పనికివచ్చినది ఫనగలో అనే మిశ్రమ భాష. దానిలో మాటలు ఎక్కువగా జూలూవి, వ్యాకరణం మాత్రం కుదించినది. అది పనికి, ఆజ్ఞలకు సరిపోయే భాష. ప్రార్థనకు, దుఃఖానికి సరిపోయేది కాదు. వారమంతా ఆజ్ఞలు విన్న చెవికి ఆదివారం నాడు తెలుగు వినబడడమే రంగయ్య సంఘాల బలమని చెప్పవచ్చు. తెలుగు బైబిలు, తెలుగు కీర్తనలు ఉన్న ఇంట పిల్లలకు అక్షరాలు కూడా వచ్చేవి.

1913 నాటి సంఘటనలు

రంగయ్య చివరి సంవత్సరాలు నేటాలు భారతీయుల పోరాటకాలం. 1913 మార్చిలో కేప్ న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళిళ్ళు దక్షిణాఫ్రికాలో చెల్లవన్న అర్థం ఇచ్చింది. దీనితో హిందూ, ముస్లిం స్త్రీలు కూడా సత్యాగ్రహంలోకి దిగారు. క్రైస్తవ కూలీలకు ఈ తీర్పు తగలలేదు. అయితే 3 పౌండ్ల పన్నుకు మతభేదం లేదు. ఆ సంవత్సరం అక్టోబరు, నవంబరు నెలలలో గాంధీ నాయకత్వాన బొగ్గుగనులలో మొదలైన సమ్మె తీరప్రాంతపు తోటలకు వ్యాపించింది. 1914లో చట్టం ద్వారా పన్ను రద్దయింది.

అప్పటికే 1911లో కూలీల దిగుమతి ఆగిపోయింది. చవక కూలీలు దొరకక తేయాకు సాగు గిట్టుబాటు కాలేదు. క్రమంగా ఆ నేలలు చెరకుకు మారాయి. హ్యూలెట్ భవనంలో 1921లో ప్రారంభమయిన పాఠశాల, 1939లో వేరేచోటికి తరలి, నేటికీ కియర్స్నీ కళాశాల అనే పేరుతోనే నడుస్తున్నది.

మరణం, తరువాతి కాలం

రంగయ్య 1915లో మరణించాడు. నేటాలులో ఆయన సేవాకాలం పన్నెండేళ్ళు మాత్రమే. తరువాతి కాలంలో ఆయన కుమారుడు టి. ఎం. రంగయ్య కూడా ఈ సంఘాలలో కాపరిగా పనిచేశాడు.

కొత్త కూలీల రాక ఆగిపోవడంతో కొత్తగా తెలుగు మాట్లాడేవారి రాక కూడా ఆగింది. బడి చదువు ఇంగ్లీషులో సాగింది. 1931లో స్థాపించిన ఆంధ్ర మహాసభ సాయంకాలపు బడులు, నాటకాలు, పాటల పోటీలతో భాషను నిలబెట్టడానికి పాటుపడింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం క్రింద భారతీయ కుటుంబాలను చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి కొత్త పేటలకు తరలించడంతో పాత తోటల, వీధుల పొరుగు చెదిరిపోయింది. బెథెస్డా వంటి పెంతెకోస్తు సంఘాలు ఇంగ్లీషు ఆరాధనతో యువతను ఆకర్షించాయి. బాప్టిస్టు సంఘాలు కూడా నెమ్మదిగా ఇంగ్లీషుకు మారాయి. కాపరిని తెలుగు భాషకోసం రప్పించుకొన్న సంఘాలలో మూడు తరాలకే ఈ మార్పు వచ్చింది. మారకపోతే పిల్లలు వెళ్ళిపోతారు, మారితే తాతల కీర్తనలు పోతాయి. ఈ చిక్కు హిందూ తెలుగు కుటుంబాలకూ తప్పలేదు.

1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం, అధికార భాషలు కాకపోయినా ప్రోత్సహించి గౌరవించవలసిన భాషల జాబితాలో తెలుగును కూడా చేర్చింది. అయితే అందులో దాని పేరు "తెలెగు" అని పలికేలా అచ్చయి ఉంది.