అమ్మమ్మ చేతిలో ఆజ్ఞలు

తల్లి గల్ఫ్‌లో, బిడ్డ అమ్మమ్మ దగ్గర. రాజోలు, అమలాపురం ప్రాంతాల సంఘాల్లో ఇది మనమెరిగిన సంగతే. ప్రియులారా, ఆ బిడ్డకు దేవుని ఆజ్ఞలు నేర్పేదెవరు?

తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో కనబడిందని పౌలు గుర్తుచేశాడు (2 తిమోతి 1:5). ఇంట్లో, దారిలో, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు నేర్పమంటుంది ద్వితీయోపదేశకాండము 6:7. కనుక సండేస్కూలు ఒక్కటే చాలదు.

పక్కవారి కొబ్బరికాయ మన దొడ్లో పడితే మనవడి చేతికిచ్చి తిరిగి పంపుదాం. దొంగిలవద్దన్న ఆజ్ఞ వాడికి అప్పుడు అర్థమవుతుంది. అప్పులవారు వస్తే "ఇంట్లో లేరని చెప్పు" అని వాడినే పంపితే, అబద్ధమాడవద్దని మనం చెప్పిన మాట ఇక చెల్లదు.

తల్లులు కూడా ఫోనులో బిడ్డతో రోజూ ప్రార్థించాలి. తిరిగొచ్చిన తల్లికి దైవభయం గల బిడ్డ ఎదురొస్తే, మనకు అంతకన్నా ఏం కావాలి?